హోదా తగ్గించుకుని మరీ ఆవిడ ఆ కుర్చీలో ఎందుకు కూర్చుంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు కేంద్ర ప్రభుత్వ ల్యాబులో సైంటిస్ట్-డి గ్రేడు, వయసు 36, చేరినప్పటి నుంచీ టెస్టింగ్ పనిలోనే ఉన్నారు. ఇప్పుడు డైరెక్టరు గారు పిలిచి మహిళా విభాగం బాధ్యత చూసుకోమన్నారు, వీలైతే పూర్తిగా అడ్మిన్ వైపు వచ్చేయమని కూడా అన్నారు. మీ గ్రూప్ హెడ్ ఏమో "అటు వెళ్ళావంటే ఇంజనీరుగా నీ పని అయిపోయినట్టే" అన్నారట. మీ ఆయన మాత్రం, నాసాలో మేరీ జాక్సన్ కూడా ఇంజనీరు ఉద్యోగం వదిలి ఇలాంటి పనిలోకే వెళ్ళింది, ఇవాళ నాసా హెడ్డాఫీసుకి ఆవిడ పేరే పెట్టారు, ఒప్పేసుకో అంటున్నారు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

బాధ్యత తీసుకోండి, బదిలీ తీసుకోకండి. నా సమాధానం ఇంతే. మిగతాదంతా ఎందుకన్నది.

నేను ఒక ప్రభుత్వ పరిశోధనా సంస్థలో 31 ఏళ్ళు వైబ్రేషన్ టెస్టింగ్ చేసి రిటైరయ్యాను. చివర్లో ఐదేళ్ళు, నా పని వదలకుండానే, మహిళా విభాగం కూడా చూశాను. మేరీ జాక్సన్ గురించి దొరికినవన్నీ చదివింది ఆ రోజుల్లోనే, నాకూ మీలాగే అనుమానం వచ్చినప్పుడు. మీ ఆయన చెప్పింది తప్పు కాదు గానీ, ఆవిడ కథలో అసలు సంగతి వదిలేశారు. ఆవిడ ఆ కుర్చీలో కూర్చునేటప్పటికి వయసు 58. ఇంజనీరుగా అప్పటికే 21 ఏళ్ళు పనిచేసింది. మీకు 36.

ఆ కథ మొదటి నుంచీ చెప్పాలి, లేకపోతే 1979లో ఆవిడ చేసింది త్యాగంలా కనిపిస్తుంది. నాకైతే అది త్యాగంలా అనిపించదు.

మేరీ నల్లజాతి ఆవిడ, పుట్టింది 1921లో, అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని హాంప్టన్ ఊళ్ళో. 1942లో హాంప్టన్ ఇన్‌స్టిట్యూట్ నుంచి లెక్కల్లోనూ ఫిజికల్ సైన్స్‌లోనూ డిగ్రీ తీసుకుంది. ఆ డిగ్రీతో ఏం ఉద్యోగాలు చేసిందో చూడండి: ఒక ఏడాది మేరీలాండ్‌లో నల్లజాతి పిల్లల బడిలో టీచరు, తర్వాత రిసెప్షనిస్టు, తర్వాత జమాఖర్చుల పుస్తకాలు రాసే గుమస్తా, ఆ తర్వాత సైన్యం ఆఫీసులో సెక్రటరీ. ఇలా తొమ్మిదేళ్ళు తిరిగాక 1951లో లాంగ్లీ ల్యాబులో చేరింది. అప్పటికి నాసా లేదు, దాని ముందు సంస్థ ఎన్.ఎ.సి.ఎ. ఉండేది (దాన్ని 'నాకా' అనకూడదట, అక్షరాలు విడివిడిగా పలకాలట, అక్కడి పాతవాళ్ళు ఇప్పటికీ సరిదిద్దుతారు). చేరింది 'వెస్ట్ ఏరియా కంప్యూటింగ్' అనే విభాగంలో. అక్కడ కంప్యూటర్ అంటే యంత్రం కాదు, మనిషి. నల్లజాతి ఆడవాళ్ళు మాత్రమే కూర్చుని ఇంజనీర్లు పంపిన లెక్కలు చేసే గది అది. డొరొతీ వాన్ దానికి పెద్ద.

ఇక్కడ ఒక మెలిక ఉంది, మీ ల్యాబుకీ ఇది పనికొస్తుంది. అదే లెక్కల డిగ్రీతో వచ్చిన మగవాణ్ణి జూనియర్ ఇంజనీరు పోస్టులో తీసుకునేవారు, ఆడమనిషిని 'కంప్యూటర్' పోస్టులో తీసుకునేవారు. చదువు ఒకటే, పోస్టు పేరు వేరు. ప్రమోషన్లన్నీ పోస్టు పేరు మీద నడుస్తాయి కాబట్టి ఇరవై ఏళ్ళ తర్వాత ఇద్దరూ ఎక్కడ తేలతారన్నది చేరిన రోజే తేలిపోయేది. దీంట్లో ఎవరూ ఎవరినీ తిట్టనక్కర్లేదు, కొట్టనక్కర్లేదు, ద్వేషించనక్కర్లేదు. ఫారంలో ఒక గడి నింపితే చాలు.

క్యాంటీన్లో వాళ్ళ బల్ల మీద 'కలర్డ్ కంప్యూటర్స్' (కలర్డ్ అంటే నల్లజాతివాళ్ళు) అని ఒక బోర్డు ఉండేది. మిరియం మాన్ అనే ఆవిడ దాన్ని తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి కొత్తది పెట్టేవారు. మళ్ళీ తీసేది. చివరికి పెట్టేవాళ్ళకే విసుగొచ్చి మానేశారు. నాకు ఈ ముక్క చాలా ఇష్టం, మా ఆడవాళ్ళ సమావేశాల్లో ప్రతిసారీ చెప్పేదాన్ని, పిల్లలు నవ్వేవారు.

మేరీకి అసలు మలుపు 1953లో వచ్చింది. పని మీద ల్యాబులో తెల్లవాళ్ళ వైపుకి వెళ్ళినప్పుడు, బాత్రూం ఎక్కడ అని అక్కడి ఆడవాళ్ళని అడిగింది. వాళ్ళు కిసుక్కున నవ్వారు. మీ బాత్రూం ఎక్కడుందో మాకెలా తెలుస్తుంది అన్నట్టు. ఆవిడ కడుపు మండిపోయి వెనక్కి వస్తూ దారిలో కజిమిర్జ్ జార్నెకీ అనే ఇంజనీరు కనిపిస్తే ఆయన దగ్గర ఆ కోపమంతా కక్కేసింది. ఆయన ఓదార్చలేదు, "నా దగ్గరికి పనికి రా" అన్నాడు. ఆయన పనిచేసేది 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్న సూపర్‌సోనిక్ ప్రెజర్ టన్నెల్లో. 60,000 హార్స్‌పవర్ విండ్ టన్నెల్ (విమానం నమూనా మీదికి గాలి తోసి పరీక్షించే సొరంగం) అది, ధ్వని వేగానికి దాదాపు రెండింతల వేగంతో గాలి తోసేది. నేను టెస్టింగ్ మనిషిని కాబట్టి చెప్తున్నాను, కాగితం మీద లెక్కలు చేసేవాళ్ళకీ చేత్తో మోడల్ బిగించి డేటా తీసేవాళ్ళకీ మధ్య చాలా తేడా ఉంటుంది. ఆయన ఆవిడని ఆ రెండో పనిలో పెట్టాడు.

అక్కడ కొత్తలో జరిగిన సంగతి ఒకటి ఉంది. డివిజన్ పెద్ద ఒకాయన లెక్కలు ఇచ్చాడు, ఆవిడ చేసి తీసుకెళ్ళింది, తప్పన్నాడు. ఆవిడ తప్పు కాదంది. ఇద్దరూ వరసగా చూసుకుంటూ వస్తే తప్పు ఆయన ఇచ్చిన అంకెల్లోనే ఉంది. ఆయన క్షమించమన్నాడు. ఈ వార్త ల్యాబంతా పాకింది. ఆవిడ 1979లో కొత్త కుర్చీలో కూర్చున్నప్పుడు జనం ఆవిడ మాట విన్నారంటే, అందులో ఇలాంటి వాటికీ వాటా ఉండే ఉంటుందని నా లెక్క. టెక్నికల్‌గా నోరు మూయించిన చరిత్ర ఉన్న మనిషి మహిళా విభాగం తరఫున నోట్ పెడితే ఒక రకంగా చదువుతారు, లేని మనిషి పెడితే ఇంకో రకంగా చదువుతారు. న్యాయం కాదు, కానీ నేను చూసిందదే.

ఇంజనీరు శిక్షణలో చేరమని జార్నెకీయే సలహా ఇచ్చాడు. దానికి పై స్థాయి లెక్కలు, ఫిజిక్సు కోర్సులు కావాలి. యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా వాళ్ళు ఆ క్లాసులు ఆఫీసు అయ్యాక సాయంత్రాలు నడిపేవారు, కానీ నడిపేది హాంప్టన్ హైస్కూల్లో. ఆ స్కూలు తెల్లవాళ్ళది. పగలు ఆవిడ తెల్ల ఇంజనీర్లతో కలిసి పనిచేయచ్చు, సాయంత్రం వాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చోవాలంటే మాత్రం హాంప్టన్ నగరం నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. ఈ కథ మీద తీసిన 'హిడెన్ ఫిగర్స్' సినిమాలో కోర్టు, జడ్జీ, పెద్ద ఉపన్యాసం పెట్టారు. అసలు జరిగింది అంత రంజుగా లేదు. అర్జీ పెట్టుకుంది, అనుమతి ఇచ్చారు. అంత ప్రయాసపడి ఆ గుమ్మం దాటాక లోపల చూస్తే అది పాతబడిపోయిన మామూలు బిల్డింగట, దీనికోసమా నన్ను బయట నిలబెట్టారు అని ఆశ్చర్యపోయిందట.

1958లో ఇంజనీరు అయింది. అదే ఏడాది ఎన్.ఎ.సి.ఎ. నాసాగా మారింది. నాసాలో మొదటి నల్లజాతి మహిళా ఇంజనీరు ఆవిడే. సూపర్‌సోనిక్ వేగాల్లో శంకువు ఆకారం మీద గాలి పొర ఎక్కడ నునుపు తప్పి కల్లోలంగా మారుతుందన్న దాని మీద మొదటి రిపోర్టు ఆ ఏడాదే వచ్చింది. తర్వాత రెండు దశాబ్దాల్లో ఆవిడ పేరుతో డజను దాకా రిపోర్టులు వచ్చాయి. విమానం ముక్కు ఎలా ఉండాలి, రివెట్లు పైకి తేలితే గాలి ఏమవుతుంది, ఇలాంటివి చూసే రంగం అది. బయటివాళ్ళకి చప్పగా ఉంటుంది, ఆ రంగంలో ఉన్నవాళ్ళకి అదే అన్నం.

పని సాగుతూనే ఉంది, హోదా మాత్రం ఆగిపోయింది. ప్రమోషన్ రాలేదు, ఏళ్ళు గడిచాయి, కుర్రాళ్ళు దాటి వెళ్ళారు. చుట్టూ చూస్తే తనొక్కతే కాదు, లాంగ్లీలో చదువుకున్న ఆడవాళ్ళందరిదీ అదే మెట్టు. 1979లో ఆవిడ ఇంజనీరింగ్ వదిలేసి, హోదా తగ్గించుకుని, 'ఫెడరల్ విమెన్స్ ప్రోగ్రామ్ మేనేజర్' (మహిళా ఉద్యోగుల ఎదుగుదల చూసే పని) అనే ఖాళీ పోస్టులోకి వెళ్ళింది. 1985లో రిటైరయ్యేదాకా అక్కడే ఉంది.

మీ ఆయన చెప్పిన కథ ఇక్కడ మొదలై ఇక్కడే ఆగిపోతుంది. నాకు కావలసింది ఆ ఆరేళ్ళలో ఆవిడ కూర్చుని ఏం చేసిందన్నది. ఉపన్యాసాలు ఇచ్చి ఉండచ్చు, వద్దనను. ముఖ్యంగా చేసింది మాత్రం, ఒక్కొక్క మనిషి దగ్గర కూర్చుని, ఈమె ఎందుకు ఆగిపోయింది అని వెతకడం. ఆవిడకి దొరికిన కారణాలు చూడండి: కొందరికి ఒకటో రెండో కోర్సులు తక్కువ. కొందరికి పోస్టింగ్ ఉన్న చోటు సరైనది కాదు. కొందరికి పని అప్పగించేటప్పుడే పేరు తెచ్చే పని ఇవ్వలేదు. ఇవన్నీ పోగా మిగిలింది, ఏ కాగితం మీదా లేని అడ్డుగోడ. ఇంజనీరు బుర్ర అంటే ఇది. టన్నెల్లో మోడల్ మీద గాలి చెడినప్పుడు "గాలి చెడ్డది" అని రాసి ఊరుకోం కదా, ఎక్కడ మొదలైంది, ఏ గరుకుదనం దగ్గర మొదలైంది అని వెతుకుతాం. 'మ్యాథమెటీషియన్' అన్న పోస్టు పేరుని 'ఇంజనీరు'గా ఎలా మార్పించుకోవాలో, దానికి ఏ కోర్సు చేయాలో ఆవిడ ఆడవాళ్ళకి చెప్పేది. తను నడిచిన దారి కదా, ఏ గుంట ఎక్కడుందో తెలుసు.

ఇదే ల్యాబులో క్రిస్టీన్ డార్డెన్ అనే ఆవిడ ఉండేది. 1967లో చేరింది, అప్లైడ్ మ్యాథమెటిక్స్‌లో మాస్టర్స్ ఉన్నా డేటా అనలిస్టుగానే వేశారు. కొన్నేళ్ళు ఓర్చుకుని పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి, నాలాంటి చదువే చదివిన మగవాళ్ళని ఇంజనీరింగ్ గ్రూపులకి వేసి మమ్మల్ని లెక్కల గదికి ఎందుకు వేస్తున్నారని అడిగింది. వచ్చిన జవాబు సారాంశం: ఇంతవరకు ఎవరూ అడగలేదు, వాళ్ళు సంతోషంగానే ఉన్నట్టున్నారు. ఎవరూ అడగలేదట! తర్వాత ఆవిడ ఇంజనీరింగ్ వైపు మారింది, సోనిక్ బూమ్ (విమానం ధ్వని వేగం దాటినప్పుడు వచ్చే పేలుడు లాంటి చప్పుడు) మీద పనిచేసింది, 1983లో పీహెచ్‌డీ తీసుకుంది. కానీ పై గ్రేడు విషయంలో మళ్ళీ ఆలస్యం. అప్పుడు మేరీతో పాటు అదే వైపు పనిచేసిన ఒక సహోద్యోగి, డార్డెన్ కెరీర్నీ, అలాంటి అర్హతలే ఉన్న ఒక మగ ఉద్యోగి కెరీర్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన బార్ చార్టుగా గీసి పై అధికారి ముందు పెట్టింది. ఆయన అది చూసి కంగు తిన్నాడు. ప్రమోషన్ వచ్చింది. ఒక్క చార్టు. ఆ ఆఫీసరుకి దురుద్దేశం ఏమీ లేకపోవచ్చు, అంతవరకు ఎవరూ రెండిటినీ కలిపి చూపించలేదు, అంతే. పదేళ్ళ ఉపన్యాసాలకి కదలని ఫైలు ఆ కాగితానికి కదిలింది.

దీనికి పూర్తిగా వేరే దారిలో వెళ్ళిన మనిషి కూడా ఉంది, మీరు తెలుసుకోవాలి. రూత్ బేట్స్ హారిస్. 1971లో నాసా ప్రధాన కార్యాలయంలో సమాన అవకాశాల బాధ్యతకి బయటి నుంచి తీసుకున్నారు. 1973లో ఇద్దరు సహచరులతో కలిసి, ఈ కార్యక్రమం దాదాపు పూర్తిగా విఫలమైందని నాసా అధిపతికి రిపోర్టు రాసింది. 1966లో అల్పసంఖ్యాక వర్గాల ఉద్యోగులు 4.1 శాతం, 1973లో 5.19 శాతం, ఏడేళ్ళలో వచ్చిన తేడా అది అని అందులో ఉంది. ఇంకో మాట కూడా ఉంది: నాసా ఇంతవరకు అంతరిక్షంలోకి పంపిన ఆడ ప్రాణులు మూడే, అరబెల్లా, అనిటా అనే రెండు సాలీళ్ళు, మిస్ బేకర్ అనే ఒక కోతి. చదివి పగలబడి నవ్వాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆవిడని ఉద్యోగంలోంచి తీసేశారు. పత్రికల్లో గొడవైంది, సెనేట్ దాకా వెళ్ళింది, 1974లో మళ్ళీ తీసుకున్నారు. 1978లో నాసా ఎంపిక చేసిన 35 మంది కొత్త వ్యోమగాముల్లో ఆరుగురు ఆడవాళ్ళు ఉన్నారు. హారిస్ లాంటివాళ్ళు అరవకపోతే అది అప్పుడు జరిగేదా అంటే నాకు నమ్మకం లేదు. మేరీ లాంటివాళ్ళు లోపల కూర్చుని ఒక్కో ఫైలూ విప్పకపోతే, అరిచి తెచ్చిన మార్పు కింది గ్రేడుల దాకా దిగేదా అన్నా నమ్మకం లేదు. మీ స్వభావం ఏదో మీరే చూసుకోండి. నేను మాత్రం రెండో రకం, అరవడం రాదు.

మన దగ్గర సంగతి ఏమిటి అని కూడా అడిగారు. ఎ.లలిత గారి గురించి విన్నారా? మన తెలుగావిడే, మేరీకన్నా రెండేళ్ళు పెద్ద. 18 ఏళ్ళకే భర్త పోయి, చేతిలో నెలల పాప. నాన్నగారు పప్పు సుబ్బారావు గారు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు, ప్రిన్సిపాల్‌తోనూ విద్యాశాఖతోనూ మాట్లాడి సీటు ఇప్పించారు. 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరు అయ్యారు. సర్టిఫికెట్ మీద మగవాళ్ళకి అచ్చేసిన మాట కొట్టేసి ఆడవాళ్ళ మాట చేత్తో రాశారట. సిమ్లాలో ప్రభుత్వ సంస్థలో కొన్నాళ్ళు, తర్వాత కలకత్తాలో చాలా ఏళ్ళు పనిచేశారు, భాక్రా నంగల్ పనిలోనూ చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల సదస్సుకి వెళ్ళారు. అందరూ ఇంతవరకే చెప్తారు. నాకు గుర్తుండిపోయింది వేరే. హాస్టల్లో ఒక్క అమ్మాయే, బిక్కుబిక్కుమంటోందని, ఆడపిల్లలూ దరఖాస్తు చేసుకోవచ్చని కాలేజీ చేత ప్రకటన వేయించారు. దాంతో లీలమ్మ జార్జ్, పి.కె. త్రేస్యా ఇద్దరూ వచ్చి చేరారు, వాళ్ళిద్దరూ సివిల్. ఒక అమ్మాయిని మినహాయింపుగా రానిస్తే అది దయ. ప్రకటన వేస్తే, మనం ముక్కూ మొహం ఎరగనివాళ్ళు కూడా వస్తారు.

ఇక నా సంగతి. దీంట్లో నా తప్పులే ఎక్కువ, దాచుకోను. మహిళా విభాగం చేతికొచ్చిన మొదటి రెండేళ్ళు నేను చేసింది మార్చి 8న ముగ్గుల పోటీ, ఒక డాక్టరు గారి ఉపన్యాసం, సమోసాలు. ఫొటోలు బాగా వచ్చేవి. మూడో ఏడు ప్రమోషన్ ఇంటర్వ్యూలో మా అమ్మాయిల్లో ఇద్దరు తప్పారు. ఎందుకని ఒకమ్మాయిని అడిగితే, "ఫీల్డ్ ట్రయల్స్ ఎన్ని చేశావని అడిగారు మేడం, ఒక్కటి కూడా లేదు" అంది. ఫీల్డ్ ట్రయల్స్ అంటే ల్యాబు బయట టెస్ట్ రేంజికి వెళ్ళి చేసే పరీక్షలు. ఎందుకు లేదంటే పేరు వేయలేదు. ఎందుకు వేయలేదంటే గ్రూపులో ఎవరికీ తెలియదు. అలా అలవాటైపోయింది.

అడ్మిన్‌ని డేటా అడిగితే ఇవ్వరు, కనీసం మా దగ్గర ఇవ్వలేదు. వెహికల్ సెక్షన్లో ట్రయల్స్‌కి వెళ్ళిన బండ్ల రిజిస్టరు ఉంటుంది, ఎవరెవరు ఎక్కారో పేర్లతో సహా. ఆరేళ్ళవి తిరగేశాను. మా గ్రూపు ఆడ ఇంజనీర్లు 14 మందిలో వెళ్ళింది ఇద్దరే. సరే, ఎందుకని తవ్వుకుంటూ వెళ్తే, చివర్లో దొరికింది ఏమిటో తెలుసా, టెస్ట్ రేంజిలో ఆడవాళ్ళకి టాయిలెట్ లేదు. 1953లో హాంప్టన్‌లో మేరీ అడిగిన ప్రశ్నే! తేడా ఏమిటంటే మా వాళ్ళు నవ్వలేదు, చాలా మర్యాదగా, "మీకు ఇబ్బంది కదమ్మా, అందుకే వేయట్లేదు" అన్నారు. టాయిలెట్ లేదు కాబట్టి పంపరు, పంపలేదు కాబట్టి అనుభవం లేదు, అనుభవం లేదు కాబట్టి ప్రమోషన్ లేదు, పైన ఆడవాళ్ళు లేరు కాబట్టి టాయిలెట్ అడిగేవాళ్ళు లేరు.

టాయిలెట్ కోసం పోర్టా క్యాబిన్ (తెచ్చి నిలబెట్టే రెడీమేడ్ గది) ఒకటి పెట్టించడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఫైలు మూడుసార్లు వెనక్కి వచ్చింది. డబ్బు లేక కాదు, ఏ పద్దు కింద రాయాలో తేలక. క్యాబిన్ వచ్చాక ఉత్సాహంగా నేనే ఒక జూనియర్ అమ్మాయి పేరు ట్రయల్ లిస్టులో రాయించాను. ఆ అమ్మాయి నా రూముకొచ్చి, "నన్ను అడక్కుండా నా పేరు ఎందుకు రాశారు మేడం, మా అత్తగారికి ఆపరేషన్" అంది. సిగ్గుపడ్డాను. అన్నేళ్ళు వాళ్ళు ఆడవాళ్ళని అడక్కుండా తీసేశారు, నేను అడక్కుండా పెట్టాను. ఆ తర్వాత లిస్టు పద్ధతే మార్పించాం: గ్రూపులో అందరికీ వరస, వెళ్ళలేనివాళ్ళు కారణం రాసి తర్వాతి వంతు తీసుకోవచ్చు, వంతు పోదు. ఒక పేజీ సర్క్యులర్. నా ఐదేళ్ళలో నేను చేసిన అసలు పని ఆ పేజీ ఒక్కటే అంటే అతిశయోక్తి కాదు.

దానివల్ల లాభపడింది ఆడవాళ్ళే కాదు, ఇది నేను ముందు ఊహించలేదు. పాలిటెక్నిక్ నుంచి వచ్చి తర్వాత డిగ్రీ చేసుకున్న ఒకబ్బాయి, ఇంగ్లీషు తడబడేవాడు, ఎస్సీ. వాణ్ణి కూడా ట్రయల్స్‌కి ఎవరూ తీసుకెళ్ళేవారు కాదు. వరస పద్ధతి వచ్చాక వెళ్ళాడు, పరికరం మీద చెయ్యి పెడితే వాడే గురువు. రిజర్వేషన్ రోస్టరు రిజిస్టరు మనిషిని గుమ్మం దాకా తెస్తుంది. లోపల ఏ పని ఇస్తారన్నది ఏ రిజిస్టర్లోనూ ఉండదు, మీరు వెతకాల్సింది అక్కడ.

ఇప్పుడు మీ విషయంలో నా సలహా.

డైరెక్టరు గారికి ఒప్పుకుంటున్నానని చెప్పండి, కానీ మీ టెస్టింగ్ గ్రూపులోనే ఉంటూ, అదనపు బాధ్యతగా. ఎంత శాతం సమయమో ఆఫీస్ ఆర్డర్లో రాయించుకోండి, వారానికి ఒక రోజు అని రాసినా చాలు. రాయించుకోకపోతే ఏపీఏఆర్‌లో (ఏడాది పనితీరు రిపోర్టులో) మీ ఆ ఏడాది పని సగమే కనిపిస్తుంది, ఆ మిగతా సగం ఏమైందని అడిగే రివ్యూయింగ్ ఆఫీసరుకి మహిళా విభాగం అంటే ముగ్గులే గుర్తొస్తాయి, ఆ తప్పులో నాకూ వాటా ఉందనుకోండి. మీ సెల్ఫ్ అప్రైజల్లో ఆ పనిని టెక్నికల్ పని రాసినట్టే రాయండి: సమస్య, కారణం, చేసింది, ఫలితం.

పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద ఉండే అంతర్గత ఫిర్యాదుల కమిటీ వేరు, ఈ మహిళా విభాగం వేరు. చాలా ఆఫీసుల్లో రెండూ ఒకరి నెత్తినే పెడతారు. ఫిర్యాదులు విచారించే మనిషే వెళ్ళి అదే గ్రూప్ హెడ్‌తో ట్రయల్ లిస్టు గురించి మాట్లాడాలంటే ఇద్దరికీ ఇబ్బంది, టెన్షన్. రెండూ ఒకరికే వద్దని మర్యాదగా చెప్పండి.

పూర్తిగా అడ్మిన్‌కి వెళ్ళడం ఇప్పుడు వద్దు. మీ గ్రూప్ హెడ్ చెప్పిన దాంట్లో నిజం ఎక్కడుందంటే ఇక్కడ ఉంది. సైంటిస్ట్-డి నుంచి ఇ, ఇ నుంచి ఎఫ్ ఇంటర్వ్యూల్లో మిమ్మల్ని అడిగేది మీ టెస్టుల గురించే. ఆ రెండు మెట్లూ ఎక్కాక, 50 దాటాక, ఇంకా మనసు అటు లాగితే అప్పుడు వెళ్ళండి, మేరీలాగా. అప్పుడు మీరు వదిలేదేదో మీకు తెలిసి వదులుతారు, ఎదుటివాళ్ళకీ తెలుస్తుంది.

ఆవిడ పేరు పెట్టిన బిల్డింగ్ గురించి కూడా ఒక మాట. నాసా హెడ్డాఫీసుకి ఆవిడ పేరు 2020లో ప్రకటించారు, 2021లో బోర్డు పెట్టారు. ఆవిడ 2005లోనే పోయింది, ఇవేవీ చూడలేదు. 2025 మొదట్లో అమెరికా ప్రభుత్వం తన ఆఫీసుల్లో ఈ వైవిధ్యం (ఆడవాళ్ళకీ మైనారిటీలకీ అవకాశాలు పెంచే) కార్యక్రమాలన్నిటినీ రద్దు చేసింది, సమాన అవకాశాల మీద 1960ల నాటి అధ్యక్షుల ఉత్తర్వు ఒకటి కూడా అందులో పోయింది, నాసాలో ఆ విభాగాలు మూసేశారు. బిల్డింగ్ మీద పేరుంది, లోపల ఆ పని చేసే గదులు లేవు. రాజకీయం నేను మాట్లాడను. కానీ పోస్టు ఎప్పుడైనా ఎత్తేస్తారని లెక్కేసుకుని పనిచేయండి. ఎవరో ఒకమ్మాయి 1982లో కోర్సు చేసి మ్యాథమెటీషియన్ నుంచి ఇంజనీరు అయి ఉంటే, ఏ ఉత్తర్వూ ఆ చదువుని వెనక్కి తీసుకోలేదు. మా రేంజిలో పోర్టా క్యాబిన్ తీసేసి ఇప్పుడు పక్కా గది కట్టారట, మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసి చెప్పింది, నీళ్ళు మాత్రం సరిగ్గా రావట్లేదట.

ఆర్డర్ చేతికి రాగానే మొదటి వారంలో వెహికల్ సెక్షన్‌కి వెళ్ళి పాత రిజిస్టర్లు అడగండి, కనీసం ఐదేళ్ళవి. ఎందుకని అడిగితే టూర్ ప్లానింగ్ కోసం అనండి, అబద్ధం కాదు కదా. పాతవి స్టోర్స్ వెనక గదిలో పడేసి ఉంటాయి, దుమ్ము విపరీతంగా ఉంటుంది, మాస్కు పెట్టుకుని వెళ్ళండి. ట్రయల్స్‌కి వెళ్ళిన ఆడవాళ్ళు, మగవాళ్ళు అని రెండు వరసల చార్టు గీశాక ఇక్కడ రాయండి, అంకెలు చూసి తర్వాతి అడుగు చెప్తాను.